ఎరాస్మస్ ముండస్: సీజీపీఏ 7.6, ఒక సప్లీ. జనవరి డెడ్‌లైన్‌కి ఏమేం రెడీ చేసుకోవాలి?

ఫ్లోరైడ్_సివిల్:

అందరికీ నమస్తే. జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీలో సివిల్ ఫైనలియర్. సీజీపీఏ 7.6, అంటే 9.5తో గుణిస్తే 72.2 శాతం. సెకండియర్ మ్యాథ్స్ ఒక్కటి సప్లీలో పాసయ్యాను. ప్రాజెక్టు నల్లగొండ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మీద. భూగర్భ జలాల మీద మాస్టర్స్ చేసి, తిరిగొచ్చి ఇదే పనిలో ఉండాలని ఉంది. ఐఎల్టీఎస్ (ఇంగ్లిష్ పరీక్ష) ఇంకా రాయలేదు.

అడగాల్సినవి: ఈ మార్కులతో ఎరాస్మస్ ముండస్‌కి (యూరప్ యూనివర్సిటీలు కొన్ని కలిసి నడిపే మాస్టర్స్, యూరోపియన్ యూనియన్ అంటే ఈయూ స్కాలర్‌షిప్‌తో) అప్లై చేయడం దండగేనా? మోటివేషన్ లెటర్‌లో ఏం రాయాలి? సర్టిఫికెట్లలో ఎక్కడ చిక్కులొస్తాయి? ఒక కన్సల్టెన్సీ వాళ్లు 60 వేలు కడితే మొత్తం మేమే చూసుకుంటాం అంటున్నారు, కట్టొచ్చా?

---

డెల్టామట్టి:

60 వేల సంగతి ముందు. కట్టకండి. కోర్సు నడిపే యూనివర్సిటీల కూటమికి నేరుగా వాళ్ల పోర్టల్‌లోనే అప్లై చేస్తారు. చాలా కోర్సులకు అప్లికేషన్ ఫీజే ఉండదు. మధ్యలో ఏజెంటు చేయగలిగిందల్లా మీ లెటర్‌ని ఇంకో పదిమంది లెటర్‌లా మార్చడమే.

ఇప్పుడు అసలు లెక్క. చాలామంది తాము ప్రపంచమంతటితో పోటీ పడుతున్నామనుకుంటారు. కాదు, మీ పోటీ ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లతో. ఒక కోర్సుకి ప్రాజెక్టు కాలం మొత్తంలో వచ్చే స్కాలర్‌షిప్‌లలో ఒకే దేశం వాళ్లకి 10 శాతానికి మించి ఇవ్వకూడదని నిబంధన. 60 స్కాలర్‌షిప్‌లు, నాలుగు బ్యాచ్‌లు అనుకోండి. మనవాళ్లకి మొత్తం మీద 6, అంటే ఏడాదికి ఒకటో రెండో. కొన్ని ప్రాంతాలకని అదనంగా వచ్చే స్కాలర్‌షిప్‌లకు ఈ లెక్క వర్తించదు, అందుకే కొన్ని కోర్సుల్లో మనవాళ్లు ఎక్కువ కనిపిస్తారు. ఆ ఒకటీ రెండిటి కోసం ఐఐటీ, ఎన్‌ఐటీ వాళ్లు కూడా అదే వరసలో ఉంటారు. మార్కుల్లో వాళ్లని దాటలేరు. ఆ కోర్సుకి మీరెంత సరిగ్గా అతుకుతారన్న దాంట్లో దాటొచ్చు. 7.6తో దండగ కాదు, కానీ 7.6తో ఊరికే పది కోర్సులకి ఒకే లెటర్ పంపితే మాత్రం దండగే.

కోర్సు ఎంచుకునేటప్పుడు ముందు ఎరాస్మస్ ముండస్ కేటలాగ్ చూడండి. కోర్సు వెబ్‌సైట్ ఉన్నంత మాత్రాన ఈ ఏడు స్కాలర్‌షిప్ ఉన్నట్టు కాదు. ఈయూ నిధులు కొన్ని బ్యాచ్‌ల వరకే ఇస్తుంది, అవి అయిపోయాక సొంత ఫీజుతో నడిచే కోర్సులుంటాయి. మీ సబ్జెక్టుకి దగ్గరగా ఉన్నది గ్రౌండ్‌వాచ్: లిస్బన్‌లో మొదలై డెల్ఫ్ట్, డ్రెస్డెన్ మీదుగా సాగే భూగర్భ జలాల కోర్సు. వరదల మీద వేరే కోర్సు ఉంది, అది మీ ప్రాజెక్టుకి అంతగా అతకదు. అంతకుముందున్న "మూడు కోర్సులకే అప్లై చేయాలి" అన్న పరిమితి 2021 తర్వాత వచ్చిన ప్రోగ్రామ్‌లో లేదు. అయినా మూడు నాలుగు దాటితే లెటర్ నాణ్యత పడిపోతుంది.

లెటర్ దగ్గరికొద్దాం. సాధారణంగా వచ్చేవి ఇలా ఉంటాయి:

"చిన్నప్పటి నుంచి మా ప్రాంతంలో నీటి కష్టాలు చూస్తూ పెరిగాను. మీ ప్రఖ్యాత విశ్వవిద్యాలయాల్లో చదవడం నా చిరకాల స్వప్నం."

చదివే ప్రొఫెసర్‌కి ఇందులో పట్టుకోవడానికి ఏమీ లేదు. ఇలా రాస్తే (అంకెలు ఊరికే వేసినవి, మీవి వేసుకోండి):

"మూడు గ్రామాల్లో 42 బోర్ల నీళ్లు పరీక్షించాం. 17 బోర్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటింది. వానలయ్యాక మళ్లీ తీస్తే కొన్నిట్లో తగ్గింది, నాలుగింట్లో పెరిగింది. ఎందుకు పెరిగిందో చెప్పేంత మోడలింగ్ నాకు రాదు. మీ కోర్సులో ఫలానా సబ్జెక్టు కావాల్సింది అందుకే."

ఇందులో చేసిన పని ఉంది, ఎక్కడ ఆగిపోయారో ఉంది, ఆ ఖాళీని కోర్సులో ఏది నింపుతుందో ఉంది. లెటర్ మొత్తానికి ఈ మూడే ఎముకలు. ఆ తర్వాత ఏ యూనివర్సిటీలో థీసిస్ చేద్దామనుకుంటున్నారో, ఎందుకో రెండు వాక్యాలు. తిరిగొచ్చాక ఏం చేస్తారన్నది కూడా పని పేరుతో రాయండి: "దేశానికి సేవ" అని కాదు, "జిల్లా స్థాయిలో బోర్ల నీటి నాణ్యత మ్యాపులు తయారుచేసే పని" అని. నిడివి ఒక పేజీ అన్నచోట ఒక పేజీనే. పదాల పరిమితి దాటితే కొన్ని పోర్టళ్లు చివరి పేరాని చెప్పకుండా కత్తిరించేస్తాయి.

సప్లీని దాచకండి, ఏడవకండి కూడా. ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఎలాగూ కనిపిస్తుంది. లెటర్‌లో దాని ఊసే అక్కర్లేదు. సీవీలోనో, ఫారంలో "అదనపు సమాచారం" గడిలోనో ఒక్క వాక్యం చాలు, అదీ ఆ తర్వాతి సంవత్సరాల గణితం సంబంధిత సబ్జెక్టుల్లో మంచి గ్రేడ్లు ఉంటేనే.

---

మెమోల_మూట:

పైన చెప్పినవి బావున్నాయి. సర్టిఫికెట్ల సంగతి నేను చెప్తా, ఎక్కువమంది జారిపడేది ఇక్కడే.

మొదట ఆ 72.2 తీసేయండి. 9.5తో గుణించడం ఒకప్పటి సీబీఎస్‌ఈ స్కూలు లెక్క. జేఎన్‌టీయూ సూత్రం సీజీపీఏలోంచి 0.5 తీసి 10తో గుణించడం. అంటే మీది 71. మీ రెగ్యులేషన్‌లో ఉన్న సూత్రం ఒకసారి సరిచూసుకోండి. ఒక్క శాతమే కదా అనుకోవద్దు. ఫారంలో ఒకటి, యూనివర్సిటీ కాగితం మీద ఇంకోటి ఉంటే చూసేవాళ్లకి అది పొరపాటులా కనిపించదు. అసలు మార్చమని అడగకపోతే 10కి 7.6 అనే వేయండి.

పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, బీటెక్‌లో పూర్తి ఇంటిపేరు ముందు, పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసి మొత్తం గివెన్ నేమ్‌లో. మన దగ్గర సగం మంది పరిస్థితి ఇదే. ఫారంలో ఎప్పుడూ పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే రాయాలి. సర్‌నేమ్ ఖాళీగా ఉంటే కొన్ని పోర్టళ్లు ఒప్పుకోవు, రేపు వీసా, అద్దె ఒప్పందం, బ్యాంకు ఖాతా దాకా ఆ తలనొప్పి వెంటాడుతుంది. టైముంది కాబట్టి రీఇష్యూకి పెట్టి విడదీయించుకోండి. మామూలు ఫీజు 1,500, తత్కాల్ అయితే దాని మీద 2,000. పొడి అక్షరం తేడా ఒక్కటే అయితే ఒకే వ్యక్తి అని నోటరీ అఫిడవిట్ దగ్గర పెట్టుకోండి.

ఫైనలియర్ వాళ్లకి ప్రొవిజనల్ సర్టిఫికెట్, సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కులూ కలిపిన మెమో) ఇంకా రావు. ఇప్పటిదాకా వచ్చిన సెమిస్టర్ మెమోలన్నీ వరసగా ఒకే పీడీఎఫ్‌లో, దాంతోపాటు ఫలానా నెలకి కోర్సు పూర్తవుతుందని ప్రిన్సిపాల్ సంతకంతో కాలేజీ లెటర్. ఫోన్‌తో తీసిన నీడ పడ్డ ఫొటోలు కాదు, స్కాన్. గ్రేడింగ్ విధానం మెమో వెనకవైపు ఉంటే ఆ వైపు కూడా స్కాన్ చేయాలి. చాలామంది ముందువైపే పెడతారు, అక్కడ ఏ గ్రేడ్‌కి ఎంతో యూరప్ వాళ్లకి తెలియదు.

కొన్ని కోర్సులు నివాస రుజువు అడుగుతాయి, అదీ గత 12 నెలల్లో జారీ అయింది. ఆధార్ పెట్టి తిరస్కరణ తెచ్చుకోకండి, దాని మీద జారీ తేదీ చాలామందికి పాతదే. చదువుతున్నారు కాబట్టి చిరునామాతో బోనఫైడ్, లేదా మీసేవలో తహసీల్దార్ ఇచ్చే నివాస ధ్రువీకరణ. ఏది ఒప్పుకుంటారో ఆ కోర్సు పేజీలోనే రాసి ఉంటుంది.

సెలెక్ట్ అయ్యాక వీసాకో, అడ్మిషన్‌కో కొన్ని దేశాలు అపోస్టిల్ (సర్టిఫికెట్ అసలుదేనని విదేశాంగ శాఖ వేసే ముద్ర) అడుగుతాయి. డిగ్రీకి ముందు రాష్ట్రం అటెస్టేషన్, ఆ తర్వాతే విదేశాంగ శాఖ. ఒరిజినల్ డిగ్రీ దానంతట అదే ఇంటికి రాదు, విడిగా అప్లై చేయాలి. ఫలితాలు రాగానే ఆ పని పెట్టుకోండి.

---

సంక్రాంతి_సెలవు:

రికమండేషన్ లెటర్ల గురించి ఎవరూ చెప్పలేదే! సాధారణంగా రెండు కావాలి. పోర్టల్ మీ ప్రొఫెసర్ మెయిల్‌కి లింకు పంపుతుంది. ఆయన జీమెయిల్ ఇస్తే కొన్ని పోర్టళ్లు తీసుకోవు, తీసుకున్నా విలువ తక్కువ. కాలేజీ మెయిల్ ఉంటే అదే ఇవ్వండి. లేకపోతే లెటర్‌హెడ్, తేదీ, సంతకం, హోదా, ఆఫీసు ఫోన్ నంబరు అన్నీ ఉండేలా చూసుకోండి.

చాలా కోర్సుల గడువు జనవరి మొదటి, రెండో వారాల్లో పడుతుంది. అంటే మన దగ్గర సంక్రాంతి. సార్ ఊరెళ్తారు, ఆయన లాప్‌టాప్ కాలేజీలో ఉంటుంది. నవంబర్ ఆఖరికి అడిగి, డిసెంబర్ 20 లోపు అప్‌లోడ్ చేయించేయండి. లింకు స్పామ్‌లో పడుతుంది, ఒకటికి రెండుసార్లు అడగడానికి మొహమాటపడొద్దు.

హెచ్‌ఓడీ "నువ్వే రాసుకురా, సంతకం పెడతా" అంటారు, తెలిసిందే. అప్పుడు రెండు లెటర్లూ మీ చేత్తోనే వస్తాయి, రెండూ "సిన్సియర్, హార్డ్‌వర్కింగ్" అని ఒకే గొంతుతో ఉంటాయి, చదివేవాళ్లు ఇట్టే పట్టేస్తారు. దానికన్నా ప్రాజెక్టు గైడ్ గారికి అరపేజీ పాయింట్లు ఇచ్చి ఆయన మాటల్లో రాయమనండి. ఫీల్డ్‌లో నమూనాలు ఎవరు తీశారు, ల్యాబ్‌లో ఏం తప్పు జరిగితే ఎలా సరిదిద్దారు లాంటివి. హోదా పెద్దదని మీకు ఒక్క సబ్జెక్టు కూడా చెప్పని ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లకండి.

ఇంకోటి. గడువు రాత్రి 23:59 సీఈటీ (మధ్య యూరప్ సమయం) అంటే మనకి మర్నాడు తెల్లవారుజామున 4:29. ఆ నాలుగున్నర గంటలు అదనంగా దొరికాయని సంబరపడొద్దు, చివరి రాత్రి పోర్టల్ మొరాయిస్తుంది.

---

ఫ్లోరైడ్_సివిల్:

అందరికీ థాంక్సండీ. 71 అని మార్చేశాను. ఇంకా రెండు డౌట్లు. ఇంగ్లిష్ మీడియం లెటర్ ఉంటే ఐఎల్టీఎస్ అక్కర్లేదంటున్నారు, నిజమేనా? వస్తే నెలకి చేతికెంత, వెళ్లేముందు ఇంటి నుంచి ఎంత పెట్టుకోవాలి?

---

మెమోల_మూట:

మీడియం లెటర్ కొన్ని కోర్సులు ఒప్పుకుంటాయి. అదే చాలు, డబ్బు మిగుల్చుకోండి అంటాను.

---

డెల్టామట్టి:

ఇక్కడ మీతో ఏకీభవించను మెమోల గారూ. మీడియం లెటర్ ఒకచోట చెల్లి ఇంకోచోట చెల్లకపోతే మూడు కోర్సుల్లో రెండు పోతాయి. పరీక్షకి పదిహేడు, పద్దెనిమిది వేలు అవుతుంది నిజమే, కానీ స్కోరు రెండేళ్లు చెల్లుతుంది, ఈసారి రాకపోతే వచ్చేసారికి పనికొస్తుంది. ఎక్కువ కోర్సులు మొత్తం 6.5, ఏ విభాగంలోనూ 6కి తగ్గకూడదు అంటాయి. మనవాళ్లకి పోయేది ఎప్పుడూ రైటింగ్‌లోనే. కంప్యూటర్ మీద రాస్తే ఫలితం కొద్ది రోజుల్లో వస్తుంది. నవంబర్‌లో రాస్తే, తక్కువొచ్చినా డిసెంబర్‌లో ఇంకోసారికి వీలుంటుంది.

డబ్బు: నెలకి 1,400 యూరోలు, గరిష్ఠంగా 24 నెలలు, మొత్తం 33,600. ట్యూషన్ ఫీజు, ఇన్సూరెన్స్ మీరు కట్టక్కర్లేదు. అయితే విమానం టికెట్, వీసా, ఇల్లు దొరికించుకోవడం, సెమిస్టర్ మారినప్పుడు దేశం మారే ఖర్చు అన్నీ ఆ 1,400లోంచే. పాత రోజుల్లో ప్రయాణానికి విడిగా ఇచ్చేవాళ్లు, ఇప్పుడు లేదు. ఇంటర్నెట్‌లో పాత లెక్కలు చూసి మోసపోవద్దు.

అసలు ఇబ్బంది మొదటి నెల. అక్కడికెళ్లి, నమోదు చేసుకుని, బ్యాంకు ఖాతా తెరిచాకే తొలి విడత పడుతుంది. ఆలోపు టికెట్, గది అడ్వాన్సు, డిపాజిట్, తిండి. రెండు రెండున్నర లక్షలు చేతిలో ఉండేలా చూసుకోండి. కొన్ని కూటములు మొదటి విడత ముందే ఇస్తాయి, సెలెక్ట్ అయ్యాక కోఆర్డినేటర్‌కి మెయిల్ పెట్టి అడగడంలో తప్పులేదు.

ఫలితాలు ఫిబ్రవరి ఆఖరు నుంచి ఏప్రిల్ దాకా వస్తాయి. రిజర్వ్ లిస్ట్ అని వస్తే వదిలేయకండి. మెయిన్ లిస్ట్‌లో ఉన్నవాళ్లు రెండు మూడు కోర్సుల్లో ఎంపికై ఒకటే తీసుకుంటారు, మిగతా చోట్ల ఆ స్కాలర్‌షిప్ కిందకి జరుగుతుంది. ఇండియా వాళ్లు వదిలితేనే ఇండియా వాళ్లకి అన్న రూలేం లేదు గానీ, పైన చెప్పిన 10 శాతం లెక్క వల్ల ఆచరణలో తరచూ అలాగే జరుగుతుంది. మే, జూన్ వరకు మెయిల్ చూస్తూ ఉండండి, జవాబుకి వారమే టైమిస్తారు. "స్కాలర్‌షిప్ లేకుండా అడ్మిషన్" అని వస్తే మాత్రం జాగ్రత్త, చాలా కోర్సుల్లో బయటి దేశాల వాళ్లకి ఫీజు ఏడాదికి దాదాపు 9,000 యూరోలు. అప్పు చేసి దూకే ముందు ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోండి.

---

సంక్రాంతి_సెలవు:

కొన్ని కోర్సుల్లో పదిహేను ఇరవై నిమిషాల ఆన్‌లైన్ ఇంటర్వ్యూ కూడా ఉంటుంది. లెటర్‌లో రాసిన ఆ నాలుగు బోర్ల గురించే అడుగుతారు: వానలయ్యాక ఫ్లోరైడ్ ఎందుకు పెరిగి ఉండొచ్చని. "తెలియదు" అని ఆపేయకుండా మీ ఊహ చెప్పి, దాన్ని ఎలా పరీక్షిస్తారో చెప్పండి. ప్రాజెక్టు రిపోర్టు ఇప్పుడే ఇంకోసారి చదువుకోండి, ముఖ్యంగా మీ బ్యాచ్‌మేట్ రాసిన చాప్టర్.