ఫ్లైఓవర్ జాయింట్ చప్పుడు డెసిబెల్ సగటులో కనిపించడం లేదు, ఎలా కొలవాలి?

హైదరాబాద్‌లో ఒక ఫ్లైఓవర్ పక్క అపార్ట్‌మెంట్లలో నివాసితుల ఇబ్బందిని అంచనా వేస్తున్నాం. వంతెన పిట్టగోడకూ బాల్కనీలకూ మధ్య 18 మీటర్లు. రెండు, మూడు అంతస్తుల వాళ్లందరిదీ ఒకటే మాట: రాత్రి 11 దాటాక లారీలు ఎక్స్‌పాన్షన్ జాయింట్ (వంతెన భాగాల మధ్య వ్యాకోచం కోసం వదిలే సందు) ఎక్కినప్పుడల్లా వచ్చే దబ్‌దబ్‌మనే చప్పుడుకు మెలకువ వచ్చేస్తోంది.

క్లాస్ 2 (సాధారణ కచ్చితత్వం ఉన్న) శబ్ద మీటరుతో మూడు రాత్రులు కొలిచాం. మైకు గోడకు మీటరు దూరంలో, విండ్‌స్క్రీన్‌తో. ముందూ తర్వాతా 94 డెసిబెల్ క్యాలిబ్రేటర్‌తో సరిచూశాం. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఎల్‌ఏఈక్యూ (ఆ సమయమంతటికీ సగటు శబ్ద స్థాయి) 57, 58, 57 డెసిబెల్స్. అదే ఫ్లైఓవర్ పక్కనే, అంతే దూరంలో, జాయింట్‌కు 150 మీటర్ల అవతల ఉన్న బిల్డింగ్‌లోనూ 57. అక్కడ ఫిర్యాదులు దాదాపు లేవు. నివాస ప్రాంతానికి రాత్రి పరిమితి 45 కాబట్టి రెండుచోట్లా మించినట్టే. కానీ జాయింట్ వల్ల పడే అదనపు బాధ ఆ అంకెల్లో లేదు, రిపోర్టులో అది లేకపోతే జాయింట్ మార్చమని అడగలేం.

కారణం కొంత తెలుసు. సగటు ఆ దెబ్బల్ని మింగేస్తుంది. పైగా ఆ సగటులో వాడే ఏ-వెయిటింగ్ (మన చెవికి వినిపించే తీరుకు తగ్గట్టు శబ్దాన్ని సర్దే పద్ధతి) 63 హెర్ట్జ్ దగ్గర 26 డెసిబెల్స్ కోసేస్తుంది. తక్కువ ఫ్రీక్వెన్సీలను అంతగా కోయని సీ-వెయిటింగ్‌లో జాయింట్ వైపు 6 డెసిబెల్స్ ఎక్కువ వచ్చింది. ఎల్‌ఏమాక్స్ (గరిష్ఠ శబ్ద స్థాయి) చూస్తే హారన్లూ కుక్కల అరుపులే పైకి తేలాయి. సీ-వెయిటింగ్‌లో 75 దగ్గర ట్రిగర్ (దాటితే ఒక దెబ్బగా లెక్కించే హద్దు) పెడితే కింద సర్వీస్ రోడ్డులో బస్సు ఇంజన్లు కూడా లెక్కలోకి వచ్చేశాయి.

జాయింట్ దెబ్బల్ని మాత్రమే వేరుచేసి రాత్రికి ఎన్నో లెక్కించాలంటే, 1/3 ఆక్టేవ్‌లో (శబ్దాన్ని సన్నని ఫ్రీక్వెన్సీ బ్యాండ్లుగా విడగొట్టి చూసే పద్ధతి) ఏ బ్యాండ్ల మీద, నేపథ్య శబ్దం కన్నా ఎన్ని డెసిబెల్స్ పైన ట్రిగర్ పెట్టాలి?