అప్‌డేట్: పాపను ప్రభుత్వ బడిలో చేర్చాం

మూడో తరగతి చదువుతున్న మా పాపను ప్రైవేటు బడి మాన్పించి ఇంట్లోనే చదివించాలా, ప్రభుత్వ బడికి పంపాలా అని రెండు నెలల క్రితం అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

మొదట నా మనసు ఇంటి చదువు వైపే మొగ్గింది. 14 ఏళ్లు నిండాక, బడికి వెళ్లకుండా చదివేవారికి పరీక్షలు పెట్టే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్) ద్వారా పదో తరగతి పరీక్ష రాయించవచ్చు కదా అనుకున్నాను. ఆరు వారాలు నేనే చెప్పాను. లెక్కలు చక్కగా వచ్చాయి. కానీ వీధిలో పిల్లల గోల వినగానే పాప కిటికీ దగ్గరకు పరుగెత్తేది. అది చూసి ప్రాణం ఉసూరుమంది.

మీలో ఒకరు 2009 నాటి విద్యాహక్కు చట్టం చదవమన్నారు. ఎంత మేలు చేశారో! ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలట, సభ్యుల్లో సగం మంది మహిళలట. గ్రాంట్ల ఖర్చును గమనించే బాధ్యత కూడా వారిదే. పాత బడిలో ఫీజు ఎందుకు పెంచారని అడిగితే గేటు దాటనివ్వలేదు. ఇక్కడ నీళ్ల ట్యాంకు ఎప్పుడు కడిగారని అడిగితే ప్రధానోపాధ్యాయురాలు రిజిస్టరు తెచ్చి చూపించారు.

ఒకటే దిగులు. ఐదు తరగతులకూ ఇద్దరే ఉపాధ్యాయులు. చట్టం లెక్కలో 60 మంది పిల్లల వరకు ఇద్దరే. మా బడిలో 52 మంది. మరో తొమ్మిది మంది చేరితే మూడో ఉపాధ్యాయుణ్ణి అడగవచ్చు. ఆదివారాలు చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లి మాట్లాడుతున్నాను. ఇప్పటికి ముగ్గురు ఒప్పుకున్నారు.