ఆర్మీ మెడికల్ కోర్‌లో చేరితే డాక్టర్లకి పైకి ఎదిగే దారి ఉందా?

ప్రశ్న: జీజీహెచ్_హౌస్‌సర్జన్

అందరికీ నమస్కారం. గుంటూరు మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ అయింది, హౌస్ సర్జన్సీ చివరికొచ్చింది. మాది విజయవాడ, నాన్నగారికి ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు ఉంది. నీట్ పీజీ రాసి ఆర్మీ షార్ట్ సర్వీస్ కమిషన్‌కి అప్లై చేద్దామనుకుంటున్నాను. నాన్నగారు సరే అన్నారు. అమ్మ ఒప్పుకోవడం లేదు.

మా బాబాయి ఏమంటారంటే, "ఆర్మీలో పెద్ద కుర్చీలన్నీ యుద్ధం చేసేవాళ్లవి. డాక్టర్లని చేర్చుకుంటారు, వాడుకుంటారు, పంపేస్తారు. అందులో ఆడపిల్లవి" అని. ఇది నిజమా? డాక్టర్లు తక్కువగా ఉన్నారు కాబట్టి ఎక్కడో మారుమూల పడేసి, స్పెషాలిటీ చేయనివ్వరని సీనియర్ ఒకరన్నారు. ఆ టెన్షన్ కూడా ఉంది. లోపల పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

జవాబు: మాజీ_హవల్దార్

నేను డాక్టర్ని కాదు, పేషెంట్‌గా చూసినవాణ్ణి. మాది మిలిటరీ మాధవరం పక్క ఊరు, ఇప్పుడు బెంజిసర్కిల్ దగ్గర ఉంటున్నా. బెటాలియన్‌లో వెయ్యి మంది దాకా ఉంటే మా అందరికీ ఒక్కడే డాక్టర్ సాబ్. ఆయన సెలవు మీద వెళ్తే మాకు దిగులు. వెళ్లమ్మా.

జవాబు: రిటైర్డ్_కల్నల్_బ్రాడీపేట

అమ్మా, నేను ఆర్మీ మెడికల్ కోర్ (ఏఎంసీ)లో పనిచేసి రిటైరయ్యాను, గుంటూరులోనే ఉంటున్నాను. మీ బాబాయిగారి మాటలో కొంత నిజం ఉంది, ముందు అది చెప్పేస్తాను. డాక్టర్ ఆర్మీ చీఫ్ కాలేడు. మనకి అన్నిటికన్నా పై పదవి డీజీఏఎఫ్‌ఎంఎస్, అంటే త్రివిధ దళాల వైద్య సేవల డైరెక్టర్ జనరల్. అది లెఫ్టినెంట్ జనరల్ హోదా. నేవీ నుంచి వస్తే సర్జన్ వైస్ అడ్మిరల్, ఎయిర్‌ఫోర్స్ నుంచి వస్తే ఎయిర్ మార్షల్ అంటారు. ఆ పైన మనకి మెట్టు లేదు.

కానీ ఆ మెట్టు దాకా మొత్తం డాక్టర్ల చేతిలోనే ఉంటుంది. డివిజన్‌లో వైద్యం చూసే ఏడీఎంఎస్ డాక్టరే, కొన్ని డివిజన్లు కలిసిన దళాన్నీ కోర్ అనే అంటారు, అక్కడ డీడీఎంఎస్‌గా ఉండే బ్రిగేడియర్ డాక్టరే, కమాండ్‌లో మేజర్ జనరల్ డాక్టరే. హాస్పిటల్ కమాండెంట్ కూడా అంతే. బయట చాలా చోట్ల హాస్పిటల్ నడిపేది డబ్బు పెట్టినవాళ్లు, డాక్టర్ జీతం తీసుకుంటాడు. ఇక్కడ అలా కాదు.

ఇక ఆడపిల్ల అన్న మాట. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా ఆర్మీలో చాలా విభాగాల మహిళా ఆఫీసర్లు పర్మనెంట్ కమిషన్, అంటే రిటైర్మెంట్ దాకా ఉండే ఉద్యోగం కోసం పోరాడుతూనే ఉన్నారు. మెడికల్ కోర్‌లో అది ఎన్నో ఏళ్ల ముందు నుంచే ఉంది. మన తిరుపతిలో పుట్టిన పద్మా బందోపాధ్యాయ్ గారు ఏవియేషన్ మెడిసిన్ స్పెషలిస్టు, దేశంలో తొలి మహిళా ఎయిర్ మార్షల్. 2004లో పునీతా అరోరా గారు తొలి మహిళా లెఫ్టినెంట్ జనరల్ అయ్యారు, ఆవిడా డాక్టరే. 2024 ఆగస్టులో సాధనా సక్సేనా నాయర్ గారు ఆర్మీ డీజీఎంఎస్, అంటే ఆర్మీ వైద్య సేవల డైరెక్టర్ జనరల్ అయ్యారు. అదే ఏడు అక్టోబర్ 1న ఆర్తీ సరీన్ గారు డీజీఏఎఫ్‌ఎంఎస్ బాధ్యతలు తీసుకున్నారు, ఆ పదవిలో తొలి మహిళ. ఆవిడ క్యాన్సర్‌కి రేడియేషన్ చికిత్స చేసే డాక్టర్. ఈ పేర్లు బాబాయిగారికి చదివి వినిపించు.

అయితే ర్యాంకు ఒక్కటే చూసి రావద్దు. నేను కెప్టెన్‌గా ఎత్తైన ప్రాంతంలో ఒక బెటాలియన్‌కి ఆర్‌ఎంఓగా, అంటే ఆ యూనిట్ డాక్టర్‌గా ఉన్నాను. సెలవు నుంచి కొందరు జవాన్లు తిరిగొచ్చారు. పైన పోస్టులో మనుషులు తక్కువ, వెంటనే పంపాలని బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్ (సీఓ) గారి ఆత్రం. తొమ్మిది వేల అడుగులు దాటాక మొదటి దశలో ఆరు రోజులు ఒంటిని ఆ ఎత్తుకి అలవాటు చేయాలి, పన్నెండు వేలు దాటితే ఇంకో నాలుగు, పదిహేను వేలు దాటితే మళ్లీ నాలుగు. తొందరపడితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. కిందికి దించకపోతే గట్టి కుర్రాడు కూడా రాత్రికి రాత్రి పోతాడు. నేను కుదరదన్నాను. "రాసిస్తావా డాక్టర్?" అన్నారాయన. రాసిచ్చాను. ఆయన కల్నల్, నేను కెప్టెన్. కాగితం చదివి వాళ్లని ఆపారు. తర్వాత నా మీద కోపం పెట్టుకోలేదు, మెస్‌లో పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఇరవయ్యారేళ్ల వయసులో వెయ్యి మంది ప్రాణాల విషయంలో నీ మాట చెల్లే ఉద్యోగం ఇంకోటి నాకు తెలియదు. పెద్ద హాస్పిటల్ నడపడానికి కావలసిన ధైర్యం నాకు అక్కడే వచ్చింది.

ఇప్పుడు నువ్వు అడిగిన కొరత సంగతి. షార్ట్ సర్వీస్ మొదట ఐదేళ్లు, తర్వాత పొడిగిస్తూ పద్నాలుగేళ్ల దాకా వెళ్లొచ్చు. చాలామంది ఐదేళ్లకే పీజీ కోసం వెళ్లిపోతారు. పని వచ్చిన కెప్టెన్, మేజర్ వెళ్లిపోతే ఆ చోటు మరో కొత్త కెప్టెన్‌తో నిండదు. అందుకని ఉన్నవాళ్ల మీద రెండు యూనిట్ల పని పడుతుంది. నాకు ఈ విషయంలో నిజంగా బాధ ఉంది. ఉండేవాళ్లకి పీజీ త్వరగా ఇస్తే సగం మంది ఆగుతారని నా నమ్మకం.

నీకు పనికొచ్చే మాట: చేరాక డిపార్ట్‌మెంటల్ పర్మనెంట్ కమిషన్ పరీక్ష వదలకు. పర్మనెంట్ అయితే పుణెలోని ఆర్మ్‌డ్ ఫోర్సెస్ మెడికల్ కాలేజీ (ఏఎఫ్‌ఎంసీ)లోనో పెద్ద కమాండ్ హాస్పిటల్లోనో సర్వీసులోనే పీజీ చేయొచ్చు. ఆ తర్వాత గ్రేడెడ్ స్పెషలిస్టు, పిదప క్లాసిఫైడ్ స్పెషలిస్టు. కల్నల్ దాటేటప్పుడు మాత్రం మనసు గట్టి చేసుకోవాలి. పైకి వెళ్లేకొద్దీ ఆపరేషన్ థియేటర్ దూరమై ఫైళ్లు దగ్గరవుతాయి. నా స్నేహితుల్లో మంచి సర్జన్లు కొందరు కత్తి వదల్లేక ప్రమోషన్ మీద ఆశ వదులుకున్నారు. వాళ్లని నేను తక్కువగా చూడను.

జవాబు: ఎంఎన్‌ఎస్_అక్క

కల్నల్ గారూ, అన్నీ బాగా చెప్పారు సార్. ఒకటి కలుపుతాను. నేను మిలిటరీ నర్సింగ్ సర్వీస్‌లో చేసి విజయవాడలో స్థిరపడ్డాను. సీనియర్ పదవుల మాట వస్తే అందరూ డాక్టర్లనే లెక్కపెడతారు. మా సర్వీసుకి నాయకత్వం వహించే ఆఫీసర్ కూడా మేజర్ జనరల్. మేమూ కమిషన్డ్ ఆఫీసర్లమే, కానీ మిలిటరీ సర్వీస్ పే డాక్టర్లకి నెలకి 15,500 అయితే మాకు 10,800. రాత్రి డ్యూటీలో ఐసీయూ మొత్తం చూసేది మేమే.

చెల్లీ, నువ్వు చేరితే మొదటి వారం వార్డు సిస్టర్ దగ్గర కూర్చుని పని నేర్చుకో. అమ్మగారికి నాతో మాట్లాడాలనిపిస్తే ఇక్కడే మెసేజ్ పెట్టు, నేనే ఫోన్ చేస్తాను.

జీజీహెచ్_హౌస్‌సర్జన్

కల్నల్ గారూ, అక్కా, చాలా థాంక్స్ అండీ. అమ్మకి మొత్తం చదివి వినిపించాను. "ఆ కాగితం రాసిచ్చిన మాట బాగుంది" అంది, ఇంకేమీ అనలేదు. ఒక్క సందేహం సార్: ఆడవాళ్లని అలాంటి ఎత్తైన చోట్లకి పంపుతారా? ఇంటర్వ్యూకి ఇప్పటినుంచే ఏం చూసుకోవాలి?

రిటైర్డ్_కల్నల్_బ్రాడీపేట

పంపుతారమ్మా. 2023 డిసెంబర్‌లో కెప్టెన్ గీతికా కౌల్ సియాచిన్‌లో నియమితులైన తొలి మహిళా మెడికల్ ఆఫీసర్ అయ్యారు.

ఇంటర్వ్యూ ఢిల్లీ కంటోన్మెంట్‌లో, ఆర్మీ హాస్పిటల్‌లో ఉంటుంది. ఎంబీబీఎస్‌తో వెళ్లేవాళ్లకి వయసు ముప్పై నిండకూడదు, ఫైనల్ ఇయర్ రెండు ప్రయత్నాల్లోపు పాసై ఉండాలి. ఇంటర్న్‌షిప్ అవగానే మెడికల్ కౌన్సిల్ పర్మనెంట్ రిజిస్ట్రేషన్ చేయించుకో, ఆలస్యం చేయకు. మెడికల్ బోర్డులో బరువు, కళ్లు, చెవులు, పళ్లు అన్నీ చూస్తారు. పళ్లు ఏమైనా పాడైతే ఇప్పుడే గుంటూరులో బాగుచేయించుకో.