‘నెపమెన్నక’లో నెపం అంటే ఏమిటి?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు):
పిల్లలకు ఈ సుమతి పద్యం చెప్పేటప్పుడు రెండు చోట్ల అర్థం తడబడుతోంది.

ఉపకారికి నుపకారము
విపరీతము గాదు సేయ వివరింపంగా
నపకారికి నుపకారము
నెపమెన్నక సేయువాడె నేర్పరి సుమతీ

‘విపరీతము గాదు’ అంటే ‘ఎక్కువేం కాదు’ అనవచ్చా? నెపమెన్నక అంటే సాకు వెతక్కుండా అనా, తప్పు ఎంచకుండా అనా?

జవాబు (సత్యనారాయణపురం, విజయవాడ):
‘ఎక్కువ’ అని చెప్పకండి. రోహిణి కార్తెలో మన ఊళ్లలో ‘విపరీతమైన ఎండ’ అంటాం కదా, ఆ వాడుకే పిల్లల చెవిలో ఉంటుంది. ఇక్కడున్నది పాత అర్థం: తలకిందులైనది, లోకరీతికి ఎదురుగా ఉన్నది. మేలు చేసినవాడికి మేలు చేయడంలో వింతేమీ లేదని కవి మాట. ఈ అర్థం తప్పితే తర్వాతి రెండు పాదాల బలం పోతుంది.

నెపానికి రెండర్థాలూ మన నోట ఉన్నాయి. ‘పెళ్లి నెపంతో ఊరొచ్చాడు’ అంటే సాకు. ‘నెపం నా మీద నెట్టాడు’ అంటే నింద. తేల్చేది పక్కనున్న క్రియ. సాకును వెతుకుతాం, చెబుతాం, ఎన్నం. ఎన్నేది తప్పునే. వేమన ‘తప్పులెన్నువారు’ అన్నదీ ఈ క్రియతోనే. కాబట్టి ‘తప్పు ఎంచకుండా’ అన్నదే సరి.

ఇంకోటి. కొందరు ‘నెపమునెన్నక’ అని చదువుతారు. ‘నెపమె’ వరకు రెండు లఘువులు (ఒక్కోటి ఒక మాత్ర), ఒక గురువు (రెండు మాత్రలు), అంటే నాలుగు మాత్రల సగణం. మధ్యలో ‘ను’ చేరితే ఐదు మాత్రలై ఈ పద్యపు ఛందస్సు, అంటే కందం, కుంటుతుంది.

జవాబు (అరండల్‌పేట, గుంటూరు):
నాకు ఈ పద్యంలో అన్నిటికన్నా విలువైన మాట నేర్పరి. పుణ్యాత్ముడు అనలేదు, మంచివాడు అనలేదు. ఓర్చు నుంచి ఓర్పు, కూర్చు నుంచి కూర్పు వచ్చినట్టే నేర్చు నుంచి నేర్పు వచ్చింది. నేర్పు ఉన్నవాడు నేర్పరి. అంటే అపకారికి మేలు చేయడం పుట్టుకతో వచ్చే గుణం కాదు, కుట్టుపనిలాగా చేతికి అలవాటు కావలసిన పని.

ఆ పని ఎక్కడ చెడుతుందో చూడండి. నీళ్ల మోటారు విషయంలో నెల కిందట కేకలేసిన పక్క వాటా ఆవిడ గ్యాస్ అయిపోయి సిలిండర్ అడిగింది. ‘ఆ రోజు అన్ని మాటలన్నారు గానీ, తీసుకెళ్లండి’ అన్నామంటే సిలిండర్ ఇచ్చినా నెపం ఎన్నినట్టే. ఆ ‘గానీ’కి ముందున్నదంతా దెప్పడం. ఆవిడ సిలిండర్‌తో పాటు ఆ మాటనూ మోసుకుపోతుంది. ‘తీసుకెళ్లండి, బరువుంది, ఒక చెయ్యి వేస్తాను’ అని ఊరుకోవాలి. తర్వాత నాలుగిళ్లలో ‘నేను కాబట్టి ఇచ్చాను’ అని చెప్పుకున్నా అదే దోషం.

ప్రశ్న (మొగల్రాజపురం, విజయవాడ):
బాకీ ఎగ్గొట్టినవాడికి మళ్లీ అప్పివ్వమనా? అపాత్రదానం అవదా?

జవాబు (అరండల్‌పేట):
పద్యంలో ఉన్నది ఉపకారం, అప్పు కాదండి. అతనికి జ్వరమొస్తే ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్లడం ఉపకారం. అప్పడిగితే ‘డబ్బు మాత్రం ఇవ్వలేను’ అని ఉన్నమాట చెప్పండి. చేతిలో ఉంచుకుని ‘లేవు’ అని అబద్ధమాడనక్కర్లేదు, పాత బాకీ ఎత్తి సాధించనూ అక్కర్లేదు. ఎంతవరకు చేయాలో తెలియడం కూడా నేర్పులోకే వస్తుంది.

ప్రశ్న (బ్రాడీపేట):
మరి ‘పోనీలే పాపం’ అని ఇస్తే?

జవాబు (సత్యనారాయణపురం):
మనసులో అనుకుంటే మంచిదే, కోపం దిగుతుంది. ఎదుటివాడి ముఖం మీద అంటే మాత్రం నువ్వు తప్పు చేశావు, నేను వదిలేస్తున్నాను అని చెప్పినట్టు. అప్పుడది కూడా నెపం ఎన్నడమే.