శాఖా గ్రంథాలయంలో పిల్లలకు కథలు చదవాలంటే అనుమతి ఎవరిని అడగాలి?

నమస్కారమండీ. మాది గోదావరి వైపు చిన్న ఊరు. మా శాఖా గ్రంథాలయానికి పొద్దున్నే పేపర్ల కోసం వచ్చే పెద్దవాళ్లు తప్ప ఎవరూ రారు. పిల్లల పుస్తకాల బీరువాకి తాళం, లోపల అట్టల మీద దుమ్ము. ఆదివారాలు గంటసేపు ఉచితంగా కథలు చదివి వినిపిస్తానన్నాను. లైబ్రేరియన్ గారు మంచివారే, కానీ "పుస్తకం పోతే నేను కట్టుకోవాలమ్మా, పైనుంచి కాగితం తీసుకురండి" అన్నారు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను మనమే కడుతున్నాం కదా అనిపించింది, పైకి అనలేదులెండి.

అర్జీ జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి పెట్టాలా, చైర్మన్‌కా? నవంబర్ 14న గ్రంథాలయ వారోత్సవాలు మొదలయ్యేలోపు ఒక్కసారైనా జరపాలని ఆశ. ఇలా వాలంటీర్‌గా చేసినవాళ్లుంటే, అర్జీలో ఏం రాశారో, పుస్తకాల బాధ్యత ఎవరు తీసుకున్నారో కాస్త చెప్తారా?