సోయా విత్తనానికి మొలక కట్టాలా, మీటరు పెడితే చాలా?

నిర్మల్ సోయా
ఇంట్లో పోయినేడు పండిన సోయా విత్తనం ఉంది. కొంత హార్వెస్టర్‌తో పట్టించింది, కొంత కట్టెలతో కొట్టించింది. తొలకరి దగ్గరపడింది, మొలక కడితే, అంటే కొన్ని గింజలు మొలకెత్తించి చూస్తే, వారం ఆగాలి. గింజలు నానబెట్టి ఆ నీళ్లలో లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు పెడితే విత్తనం మంచిదో కాదో ఒక్కరోజులో తేలిపోతుందని తమ్ముడు అంటున్నాడు. నమ్మొచ్చా అన్నా?

హన్మకొండ విత్తన పరీక్ష
ఉత్త మాట కాదు. గింజ పాతబడినా, దెబ్బతిన్నా లోపలి కణాల పొరలు పట్టు తప్పుతాయి, నానబెట్టగానే పొటాషియం లాంటి లవణాలు, చక్కెరలు నీళ్లలోకి కారతాయి. లవణం పెరిగితే కరెంటు ఎక్కువ పారుతుంది, మీటరు పట్టుకునేది దాన్నే. 1960లలో ఇంగ్లండులో బఠానీ మీద మొదలైంది ఈ పద్ధతి. ల్యాబులో బాగానే మొలిచే గింజ చల్లటి తడి నేలలో ఎందుకు కుళ్లిపోతోందని చూస్తే, కారిన చక్కెర నేలలోని బూజుకు తిండి అవుతోంది. ల్యాబులో అయితే 50 గింజలు తూచి, 250 మిల్లీలీటర్ల శుద్ధమైన నీళ్లలో 20 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచి, రీడింగును గింజల బరువుతో భాగిస్తాం. ఇలా నాలుగు గ్లాసులు.

పరకాల పెద్దరైతు
మే నెలలో 20 డిగ్రీలు ఎక్కడ తేవాలి బిడ్డా? మా బోరు నీళ్లకే మీటరు వందల్లో చూపిస్తుంది, అందులో గింజది ఎంత, నీళ్లది ఎంత? తడి గోనెసంచిలో వంద గింజలు పేర్చి చుట్టిపెడితే ఎన్ని మొలిచాయో, ఎన్ని మురిగాయో, ఎన్నింటికి వేరు వంకర పోయిందో చేత్తో పట్టుకుని చూస్తాం. అంకె చూసి ఎకరాలు విత్తడం నాకు మింగుడుపడదు.

హన్మకొండ విత్తన పరీక్ష
బోరు నీళ్లు వద్దు కాకా, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ చాలు. గింజలు లేని గ్లాసు ఒకటి పక్కన పెట్టి దాని రీడింగు తీసేయాలి. వేడికి ఎక్కువ కారుతుంది, అది నిజమే, అందుకే పుస్తకంలోని అంకెతో పోల్చొద్దు. ఒకే గదిలో, ఒకే పూట రెండు లాట్లూ (హార్వెస్టర్‌తో పట్టించిన గింజ ఒకటి, కట్టెలతో కొట్టించింది ఒకటి) పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. మొన్న నేను పెట్టినప్పుడు పగుళ్లున్న లాట్ నీళ్లు తెల్లారేసరికి పచ్చబడి నురగ కట్టాయి, రెండో గ్లాసులో అడుగు కనిపిస్తోంది.

ఇచ్చోడ అగ్రి
ఒక సంగతి వదిలేశారు. మీటరు 50 గింజల మొత్తం లెక్క చెబుతుంది, ఒక్కో గింజది కాదు. నాలుగు చితికిన గింజలు పడితే లాట్ అంతా చెడ్డదిగా కనిపించొచ్చు. పెసరలో ఇంకో తిరకాసు ఉంది, గట్టి గింజ నీళ్లే పీల్చదు కాబట్టి ఏమీ కారదు, రీడింగు బ్రహ్మాండంగా ఉంటుంది, మొలక మాత్రం రాదు. కొన్న విత్తనానికి పట్టించిన మందు కూడా నీళ్లలో కరిగి లెక్క తప్పిస్తుంది. సోయా ధ్రువీకరణకు కావాల్సిన 70 శాతం కూడా మొలక లెక్కే. మీటరు చూసి ఒక లాట్‌ను వద్దనుకోండి, అంతేగానీ అది చూసి విత్తొద్దు.

పరకాల పెద్దరైతు
ఇది ఒప్పుకుంటా. వారం టైం లేదనేవాళ్లు ఏప్రిల్‌లోనే మొలక కట్టుకోవాలి కదా.

హన్మకొండ విత్తన పరీక్ష
మొలక శాతం ఒకటే ఉన్న రెండు లాట్లు నేలలో వేరుగా వస్తాయి కాకా, గోనెసంచిలో ఆ తేడా దొరకదు. నిర్మల్ తమ్ముడూ, ఇవాళే మీటరూ, మొలకా రెండూ చెయ్యి. రేపటికి ఎక్కువ కారిన లాట్ ఏదో తెలిస్తే వేరే విత్తనం వెతుక్కోవడానికి టైం మిగులుతుంది.

నిర్మల్ సోయా
పగిలినవి ఏరేసి నానబెట్టాలా, ఉన్నవి ఉన్నట్టేనా?

హన్మకొండ విత్తన పరీక్ష
విత్తే ముందు ఏరేస్తానంటే ఏరేసి పెట్టు. లేదంటే బస్తాలో ఎలా ఉన్నాయో అలాగే, పైనా మధ్యలో అడుగునా తలా గుప్పెడు తీసి కలిపి పెట్టు.