నానో కణాల పర్యావరణ భద్రతను పరీక్షించడానికి డాఫ్నియాను ఎంచుకోవాలా, హైడ్రానా?

ప్రశ్న (రాసినవారు: నానోపూత)

అందరికీ నమస్కారం. నీటిని శుద్ధి చేసే వడపోత పొరలపై పూతగా వాడేందుకు మేము వెండి నానో కణాలను తయారు చేస్తున్నాం. వాటి సగటు వ్యాసం సుమారు 20 నానోమీటర్లు, ఉపరితలంపై సిట్రేట్ పూత ఉంటుంది. పొర నుంచి ఊడిన కణాలు చెరువుల్లోకో కాలువల్లోకో చేరితే అక్కడి జీవులకు ఏమవుతుందో ముందుగానే తెలుసుకోవాలన్నది మా ఉద్దేశం. చేపల జోలికి వెళ్లకుండా మంచినీటి అకశేరుకాలతో మొదలుపెట్టాలని అనుకుంటున్నాం.

డాఫ్నియాతో (నీటి ఈగ అని పిలిచే చిన్న క్రస్టేషియన్) చేసే 48 గంటల పరీక్షే ప్రామాణికమని కొందరు, హైడ్రా (మెత్తని గొట్టంలాంటి శరీరమున్న చిన్న మంచినీటి జీవి) మరింత సున్నితమైనదని మరికొందరు అంటున్నారు. ఏది ఎంచుకోవాలి? జీవులు చనిపోతే అది కణాల వల్లనా, వాటి నుంచి కరిగిన వెండి అయాన్ల (విద్యుదావేశమున్న వెండి పరమాణువుల) వల్లనా అన్నది ఎలా తేల్చాలి? ప్రాథమిక ప్రయోగాల్లో ఒకే గాఢతకు ఒక్కోసారి ఒక్కో ఫలితం వస్తోంది. అందుకు కారణమేమిటో కూడా అనుభవమున్నవారు వివరించగలరు.

సమాధానం (రాసినవారు: విషశాస్త్రం)

ఫలితాలు ఎందుకు మారుతున్నాయన్న మీ మూడో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే తక్కిన రెండింటికీ జవాబు అందులోనే ఉంది. మామూలు రసాయనాన్ని నీటిలో కలిపితే అది కరిగి అంతటా సమంగా వ్యాపిస్తుంది. నానో కణాలు అలా ప్రవర్తించవు. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం అయాన్ల వల్ల అవి ఒకదానికొకటి అతుక్కుని గుంపులు కడతాయి, బరువెక్కి అడుగుకు దిగుతాయి, ఈలోగా కొంత కరుగుతాయి కూడా. ఉదయం మీరు కలిపిన గాఢత వేరు, సాయంత్రానికి జీవికి ఎదురైన గాఢత వేరు. అందువల్ల కలిపిన మోతాదును మాత్రమే రాసి ఊరుకోకుండా ప్రయోగం మొదట్లో, మధ్యలో, చివర్లో నీటి నమూనా తీసి వెండి ఎంత ఉందో కొలవండి. కణాల గుంపుల పరిమాణాన్ని మీ మాతృ ద్రావణంలో (మొదట తయారుచేసి పెట్టుకున్న గాఢ ద్రావణంలో) కాకుండా, జీవులు ఉన్న ఆ మాధ్యమంలోనే (పరీక్షకు వాడే నీటిలోనే) చూడండి. నానో పదార్థాలు నీటిలో ఎంత స్థిరంగా చెదిరి ఉంటాయో పరీక్షించేందుకు, రసాయనాల పరీక్షా పద్ధతులను రూపొందించే అంతర్జాతీయ సంస్థ ఓఈసీడీ ఇచ్చిన 318వ మార్గదర్శకం ఉంది. జీవుల పరీక్షకన్నా ముందు దాన్ని పూర్తి చేయడం మంచిది.

అయాన్ల విషయానికి వస్తే, కణాలు లేకుండా వెండి అయాన్లను మాత్రమే ఇచ్చే సిల్వర్ నైట్రేట్‌తో సమాంతరంగా ఒక వరుస పరీక్షలు నడపాలి. కణాలున్న నీటిని అతిసూక్ష్మ వడపోత పొర గుండా పంపి కరిగిన వెండిని విడిగా కొలిచి, ఆ మోతాదుకు సిల్వర్ నైట్రేట్ వరుసలో ఎంత ప్రభావం కనిపించిందో పోల్చండి. రెండూ సరిపోలితే అయాన్లే ప్రధాన కారణమని చెప్పవచ్చు. కణాల వరుసలో ప్రభావం స్పష్టంగా ఎక్కువగా ఉంటే, కణానికి తనదైన పాత్ర ఏదో ఉందని అనుమానించాలి. కణాలు లేకుండా సిట్రేట్ ద్రావణంతో మాత్రమే మరో కంట్రోల్ (పోలిక కోసం నడిపే పరీక్ష) కూడా పెట్టండి. కార్బన్ ఫుల్లరీన్లపై (బంతి ఆకారపు కార్బన్ అణువులపై) జరిగిన తొలినాటి పరీక్షల్లో విషమని భావించిన దానిలో కొంత భాగం, వాటిని నీటిలో చెదరగొట్టేందుకు వాడిన టెట్రాహైడ్రోఫ్యూరాన్ అనే ద్రావణి తాలూకు అవశేషాలదని తర్వాత తేలింది. అంత శ్రమ పడి చేసిన పనికి ఒక్క కంట్రోల్ లోపించి తప్పుడు అర్థం రావడం నిజంగా బాధాకరం.

మాధ్యమాన్ని ఎంచుకునేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. డాఫ్నియా పెంపకంలో వాడే కొన్ని మాధ్యమాల్లో ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. అది లోహ అయాన్లను పట్టేసి విషప్రభావాన్ని కప్పిపుచ్చగలదు. క్లోరైడ్ ఎక్కువైతే కరిగిన వెండి సిల్వర్ క్లోరైడ్‌గా మారుతుంది కనుక, అది కూడా ఫలితాన్ని తప్పుదారి పట్టించగలదు.

సమాధానం (రాసినవారు: చెరువుజీవి)

పై వివరణతో ఏకీభవిస్తూ, జీవుల గురించి కొంత చెబుతాను. వీటిలో ఒకటి చాలు, రెండోది అక్కర్లేదు అనే ధోరణి సరికాదని నా అభిప్రాయం. ఒకే నీటిలో ఉన్నా ఈ రెండు జీవులు నానో కణాన్ని ఎదుర్కొనే తీరు పూర్తిగా వేరు.

డాఫ్నియా నీటిని నిరంతరం వడపోస్తూ, దొరికిన రేణువునల్లా ఆహారంగా మింగుతుంది. దాని శరీరం పారదర్శకం కనుక, ముదురు రంగు కణాలు పేగులో నల్లటి గీతలా పేరుకోవడం సూక్ష్మదర్శిని కింద స్పష్టంగా కనిపిస్తుంది. లిపిడ్ (కొవ్వు వంటి పదార్థం) పూత వేసిన కార్బన్ నానోట్యూబులను (అతిసన్నని కార్బన్ గొట్టాలను) డాఫ్నియా మింగినప్పుడు అది ఆ పూతను మాత్రం జీర్ణం చేసుకుందనీ, పూత పోయిన ట్యూబులు నీటిలో నిలవలేక అడుగున చేరాయనీ 2007లో ప్రచురితమైన ఒక పరిశోధన చూపింది. అంటే కణం జీవిని మార్చడమే కాదు, జీవి కూడా కణాన్ని మారుస్తుంది.

ఓఈసీడీ 202వ మార్గదర్శకం ప్రకారం 24 గంటల వయసు దాటని డాఫ్నియా పిల్లలను, ఒక్కో గాఢతకు కనీసం 20 చొప్పున తీసుకుని, 48 గంటలపాటు ఆహారం ఇవ్వకుండా ఉంచుతారు. పాత్రను మెల్లగా కదిపిన తర్వాత 15 సెకన్లలోపు ఈదలేనివాటిని చలనం కోల్పోయినవిగా లెక్కిస్తారు. కంట్రోల్‌లో అలాంటివి 10 శాతం మించకూడదు. అయితే నానో కణాలకు ఈ 48 గంటలు చాలకపోవచ్చు. టైటానియం డయాక్సైడ్ కణాలు డాఫ్నియా కవచానికి అంటుకుని అది కుబుసం విడవడాన్ని అడ్డుకున్నాయనీ, గడువును 96 గంటలకు పొడిగించాకే ఆ హాని బలంగా బయటపడిందనీ 2011లో వెల్లడైంది. వీలైతే 211వ మార్గదర్శకంలోని 21 రోజుల ప్రత్యుత్పత్తి పరీక్ష కూడా చేయండి. కాకపోతే అందులో ఆహారంగా వేసే శైవలాలకు (సూక్ష్మమైన నాచుకు) కణాలు అతుక్కుని రెండూ కలిసి అడుగుకు దిగవచ్చు. అప్పుడు పిల్లల సంఖ్య తగ్గడానికి విషం కారణమా, ఆకలి కారణమా అన్నది విడిగా చూసుకోవాలి.

హైడ్రా నీటిని వడపోయదు. ఒకచోట అంటిపెట్టుకుని ఉండి, దంశకణాలతో (కుట్టే జీవకణాలతో) ఎరను పట్టుకుంటుంది. దాని దేహభిత్తిలో ఉండేవి రెండే జీవకణాల పొరలు, పైన గట్టి కవచమేమీ లేదు. అందువల్ల నీటిలో ఉన్నది నేరుగా దాని కణజాలాన్ని తాకుతుంది. మొగ్గ తొడిగి పెరుగుతుంది కనుక జన్యుపరంగా ఒకే రకమైన జీవులు దొరుకుతాయి. మరణం వరకూ ఆగనవసరం లేకపోవడం దీనిలోని పెద్ద సౌలభ్యం. ఆరోగ్యంగా ఉన్న హైడ్రాకు 10 మార్కులు ఇచ్చి, స్పర్శకాల (నోటి చుట్టూ ఉండే పోగుల) చివరలు ఉబ్బితే 8, స్పర్శకాలూ శరీరమూ రెండూ పొట్టిబడితే 6, శరీరం విచ్ఛిన్నమైతే 0 అని లెక్కించే పద్ధతి ఉంది. సాధారణంగా 5కు దిగాక తిరిగి కోలుకోవడం కష్టమని భావిస్తారు. తలభాగాన్ని కోసి, అది మళ్లీ పెరిగే వేగాన్ని గమనించడం మరింత సున్నితమైన పరీక్ష. మార్కులు వేసేవారికి ఏ పాత్రలో ఏ గాఢత ఉందో తెలియకుండా చూడండి.

నానోపూత

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. డాఫ్నియా, హైడ్రాలను పక్కపక్కన ఒకే మాధ్యమంలో ఉంచి చేయవచ్చా?

చెరువుజీవి

చేయవచ్చు, కానీ ముందుగా ఆ మాధ్యమంలో రెండు జీవులూ కణాలు లేకుండా ఆరోగ్యంగా ఉంటున్నాయని నిర్ధారించుకోండి. హైడ్రాకు ఆర్టీమియా (ఉప్పునీటిలో పెరిగే చిన్న రొయ్యలాంటి జీవి) పిల్లలను మేపితే, వాటిని ఉప్పునీరు పోయేలా బాగా కడిగిన తర్వాతే ఇవ్వండి. లేదంటే ఆ క్లోరైడ్ మీ వెండి లెక్కల్లో చేరుతుంది.

సమాధానం (రాసినవారు: నీటినాణ్యత)

ఇక్కడ ఇంకా ప్రస్తావనకు రాని విషయం ఒకటి ఉంది. ఇంతవరకూ చర్చించినది ప్రయోగశాలలోని శుభ్రమైన నీటిలో, తాజాగా తయారైన కణాల గురించి. వాడిన పొర నుంచి ఊడే కణం ఆ రూపంలో చెరువుకు చేరదు. మురుగునీటి గుండా వెళితే సల్ఫైడ్‌తో కలిసి చాలావరకు సిల్వర్ సల్ఫైడ్‌గా మారుతుంది, అది కరగడం చాలా తక్కువ కనుక దాని విషప్రభావం కూడా బాగా తగ్గుతుంది. సహజ జలాల్లోని హ్యూమిక్ పదార్థాలు (కుళ్లిన మొక్కల నుంచి వచ్చే సేంద్రియ పదార్థాలు) వెండి అయాన్లను పట్టి ఉంచడమే కాక కణాల చుట్టూ కొత్త పూతగా ఏర్పడతాయి. దానివల్ల కణాలు అడుగుకు దిగక ఎక్కువకాలం నీటిలోనే తేలుతూ ఉండవచ్చు. మేలు జరుగుతుందో కీడు జరుగుతుందో ముందే ఊహించలేం. కాబట్టి తాజా కణాలతో పాటు, మీ పొరను కొంతకాలం వాడిన తర్వాత దాని నుంచి వచ్చిన నీటిని కూడా అవే జీవులపై పరీక్షించండి.

అడుగుకు చేరిన కణాలను అక్కడ బతికే జీవులు ఎదుర్కోవాల్సి వస్తుంది. డాఫ్నియా నీటి మధ్యలో ఈదుతుంది కనుక ఆ అడుగు జీవులకు ఏమవుతుందో దాని ద్వారా తెలియదు. అందుకు బురదలో బతికే లుంబ్రిక్యులస్ పురుగునో, కైరోనోమస్ లార్వానో తీసుకోవాలి. మీ కొలతల్లో పాత్ర అడుగున ఎక్కువ వెండి కనిపిస్తే ఆ పరీక్షను వాయిదా వేయకండి.